కొమ్మతో, ఆకుతో ఇంట్లో సక్యులెంట్లు పెంచడం: తరచుగా అడిగే ప్రశ్నలు

మేడ మీద, బాల్కనీలో, వంటింటి కిటికీ గట్టు మీద సక్యులెంట్లు పెంచేవాళ్ళు మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలు ఇక్కడ ఒకచోట పెట్టాను. ముందే ఒక మాట. కటింగ్స్, అంటే నాటడానికి కోసిన ముక్కలు, చచ్చిపోవడానికి చాలాసార్లు కారణం తొందరపడి నీళ్ళు పోయడమే. మీ చేతిలో ఉన్న ముక్కకి కొత్త మొక్కను పుట్టించే శక్తి ఉందా లేదా తెలుసుకోండి, కోసిన చోటు ఆరేదాకా ఆగండి. ఈ రెండూ కుదిరితే మిగతాదంతా పెద్ద పని కాదు.

సక్యులెంట్ అంటే ఏ మొక్కలు? కాక్టస్ కూడా అందులోకే వస్తుందా?

వస్తుంది. ఆకుల్లోనో కాండంలోనో వేళ్ళలోనో నీళ్ళు దాచుకునే మొక్కలన్నిటినీ కలిపి అలా పిలుస్తారు, అదేమీ ఒకే కుటుంబం కాదు. కలబంద, రణపాల, నాగజెముడు మన ఊళ్ళలో కంచెల పక్కన ఎప్పటినుంచో ఉన్న సక్యులెంట్లే. వీటిలో చాలావాటికి ఇంకో లక్షణం ఉంది: పగలు పత్రరంధ్రాలు మూసుకుని, రాత్రి చల్లబడ్డాక తెరుచుకుని కార్బన్ డయాక్సైడ్ తీసుకుంటాయి. దాంతో పగటి ఎండకి తేమ పెద్దగా పోదు. కానీ రాత్రిళ్ళు కూడా ఉక్కపోసే ఊళ్ళలో కొన్ని జాతులు నీరసపడటానికి కూడా కారణం ఇదే.

ఏ మొక్కకి ఆకు సరిపోతుంది, దేనికి కొమ్మే కావాలి?

అన్నిటికంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఇదే, చాలామంది చివర్లో అడుగుతారు. ఆకు నుంచి వేళ్ళు రావడం ఒక ఎత్తు, చిగురు రావడం ఇంకో ఎత్తు. వేళ్ళు చాలా ఆకులకి వస్తాయి, మొక్కగా మారే మొగ్గ మాత్రం కొన్నిటికే పుడుతుంది.

ఎచెవేరియా, గ్రాప్టోపెటలం, సీడమ్, అసలైన జేడ్, వీటికి ఆకు చాలు. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి నేనైతే గ్రాప్టోపెటలం పరాగ్వాయెన్స్ ఇస్తాను, దాన్నే ఘోస్ట్ ప్లాంట్ అంటారు, బూడిద రంగులో పూవులా ఉంటుంది. దాని ఆకు రాలి కింద కుండీలో పడినా మొక్కవుతుంది. పేరులో పరాగ్వే ఉంది గానీ దాని సొంతూరు మెక్సికో. బుర్రోస్ టెయిల్ అనే వేలాడే సీడమ్ కూడా అంతే, తాకితేనే ఆకులు రాలిపోతాయి, ఆ రాలినవి పారేయకండి.

రణపాలది ఇంకో దారి. ఆకు అంచున ఉండే నొక్కుల్లోనే పిల్ల మొక్కలు పుడతాయి, ఆకును తడి మట్టి మీద బోర్లా పడేస్తే చాలు. పూల కలాంచోకి మాత్రం కొమ్మ కోయాలి, అదీ పూలు లేని కొమ్మ, ఎందుకంటే పూలున్న కొమ్మ బలమంతా పూలకే పోతుంది. స్ట్రింగ్ ఆఫ్ పెర్ల్స్ తీగను మట్టి మీద చుట్టలా పరిచి, కణుపులు మట్టికి తగిలేలా ఉంచితే ఎక్కడికక్కడ వేళ్ళు దిగుతాయి. హావర్తియా, కలబంద అయితే పిలకలు విడదీయడమే తేలిక. టేబుల్ రోజ్ గురించి అసలు ఆలోచించక్కర్లేదు, తుంచి గుచ్చండి. జెడ్‌జెడ్ ప్లాంట్ ఆకు కూడా మొక్కవుతుంది, కాకపోతే ముందు మట్టిలో చిన్న దుంప కట్టి ఆ తర్వాత నెలల తరబడి ఆగి చిగురు తీస్తుంది, అంత ఓపిక ఉంటేనే పెట్టండి.

మా జేడ్ ఆకులు పెట్టి నెలలైంది. పచ్చగానే ఉన్నాయి కానీ మొక్క రావట్లేదు. ఎందుకు?

చాలావరకు అది జేడ్ కాకపోవడం వల్ల. మన నర్సరీల్లో జేడ్ అని అమ్మేదాంట్లో ఎక్కువ భాగం పోర్చులకారియా ఆఫ్రా. అసలు జేడ్ పేరు క్రాసులా ఒవాటా. రెండూ దక్షిణాఫ్రికా వైపువే, కానీ ఒకే కుటుంబానివి కావు.

గుర్తుపట్టడం తేలిక. ఆకు వేలి గోరంత లేదా అంతకంటే చిన్నగా, గుండ్రంగా, పల్చగా ఉండి, లేత కొమ్మ ఎర్రగోధుమ రంగులో సన్నగా, పుల్లలా ఉంటే అది పోర్చులకారియా. ఆకు దళసరిగా, నిగనిగలాడుతూ, పొడవే మూడు నాలుగు సెంటీమీటర్లు ఉండి, కొమ్మ కూడా ఆకుపచ్చగా, లావుగా, కండపట్టి ఉంటే అది క్రాసులా. క్రాసులా ఆకు మొక్కవుతుంది. పోర్చులకారియా ఆకు వేళ్ళు వేసినా చిగురు తీయడం చాలా అరుదు, దానికి కొమ్మే పెట్టాలి. నాలుగైదు అంగుళాల కొమ్మ తీసుకుని, కింది రెండు మూడు కణుపుల దగ్గర ఆకులు తుంచేసి పెడితే ఇంచుమించు ప్రతిదీ నాటుకుంటుంది. ఆఫ్రికాలో ఏనుగులు ఈ చెట్టును పైనుంచి మేస్తాయి, విరిగి కింద పడిన కొమ్మలు అక్కడే వేళ్ళు దిగి పెరుగుతాయి. అలా బతకడం దానికి అలవాటే.

ఆకు ఎలా తీయాలి? కత్తెరతో కోయొచ్చా?

వద్దు. ఎచెవేరియా లాంటి వాటిలో కొత్త మొగ్గ పుట్టేది ఆకు కాండానికి అతుక్కున్న మొదట్లోనే, కత్తెర పెడితే ఆ భాగం కాండం మీదే ఉండిపోతుంది. కింది వరసలో ఉన్న ఆకుల్లో నిండుగా, మచ్చల్లేకుండా ఉన్నది ఎంచుకోండి. మొదలు దగ్గర బొటనవేలు, చూపుడువేలుతో పట్టుకుని మెల్లగా ఎడమకీ కుడికీ కదపండి, పైకి లాగొద్దు. టక్ మని ఊడి వస్తుంది. ఊడిన చోట చూడండి: లేత రంగులో చిన్న అర్ధచంద్రంలా, నున్నగా, ఎక్కడా చిరగకుండా ఉంటే మంచి ఆకు. తడి కారుతూ పీచులా చిరిగి ఉంటే దాన్ని పక్కన పెట్టేయండి. నీళ్ళు పోసిన మర్నాడు ఆకులు ఉబ్బి పెళుసుగా ఉంటాయి, చిరిగిపోయేది అప్పుడే ఎక్కువ. కుండీ బాగా పొడిగా ఉన్న రోజున తీస్తే శుభ్రంగా వస్తాయి.

కొమ్మలకైతే పదునైన బ్లేడు వాడండి. స్పిరిట్‌తో తుడిచి, ఒక్క దెబ్బకి కోయండి.

కోసిన తర్వాత ఎన్ని రోజులు ఆరబెట్టాలి?

ఆకులకి, సన్నటి కొమ్మలకి 2 నుంచి 4 రోజులు. లావాటి జేడ్ కొమ్మకి వారం. కాక్టస్, యుఫోర్బియా (పాలు కారే జెముడు లాంటివి), అడీనియం (ఎడారి గులాబీ) కొమ్మలకి 10 రోజుల నుంచి రెండు వారాలు. వానాకాలంలో గాలిలో తేమ ఎక్కువ కాబట్టి ఇంకో రెండు మూడు రోజులు కలుపుకోండి.

రోజుల లెక్క కంటే చేతి లెక్క నమ్మకమైనది. కోసిన చోట వేలితో తాకితే గట్టిగా, పొడిగా, పొర కట్టినట్టు ఉండాలి. ఆ పొరే లోపలికి బూజు, కుళ్ళు పోకుండా ఆపుతుంది. ఆరబెట్టేది నీడలో, గాలి ఆడే చోట. ఎండలో పెడితే ఆరడం కాదు, వాడిపోతుంది. వారం రోజులు మట్టి లేకుండా ఉంటే చచ్చిపోదా అని టెన్షన్ పడొద్దు, కావాల్సిన నీళ్ళు దాని ఒంట్లోనే ఉన్నాయి.

పసుపు, దాల్చినచెక్క పొడి, తేనె, కలబంద గుజ్జు... ఇవి రాయాలా? రూటింగ్ పౌడర్ కొనాలా?

ఏదీ తప్పనిసరి కాదు. రూటింగ్ పౌడర్‌లో ఉండేది ఎక్కువగా ఐబీఏ అనే ఆక్సిన్, అంటే వేళ్ళు రప్పించే హార్మోన్. అది గులాబీ, మందారం కొమ్మలకి బాగా ఉపయోగపడుతుంది. సక్యులెంట్లు అది లేకుండానే వేళ్ళు వేస్తాయి. పసుపు, దాల్చినచెక్క బూజుకి కొంత అడ్డం పడతాయి కాబట్టి వానాకాలంలో లావాటి కొమ్మకి పొడిగా అద్దితే నష్టం లేదు. నీళ్ళతో కలిపి ముద్దలా మాత్రం పూయకండి, అది ఆరాల్సిన చోటును మళ్ళీ తడపడమే. తేనె, కలబంద గుజ్జు కూడా ఇదే కారణంగా వద్దంటాను. జిగురు, తడి, తీపి, మూడూ చీమల్నీ బూజునీ పిలుస్తాయి.

మట్టి ఎలా కలపాలి?

ఒక పాలు ఎర్రమట్టి, ఒక పాలు బాగా మాగిన ఆకు ఎరువు లేదా వర్మీకంపోస్ట్, రెండు పాళ్ళు గరుకు సరుకు. గరుకు అంటే పెర్లైట్ (తేలికైన తెల్ల గుళికలు), సిండర్ (కాలిన బొగ్గు ముక్కలు), దొడ్డు ఇసుక, లేదా చితక్కొట్టి జల్లించిన ఇటుక ముక్కలు, పెసరగింజ నుంచి శనగగింజ సైజు దాకా ఉన్నవి. ఇటుక పొడి, ఇసుకలోని దుమ్ము జల్లెడ పట్టి తీసేయండి, అవి నీళ్ళతో కలిసి అడుగున సిమెంటులా పట్టేస్తాయి. ఆకుల కోసమైతే గరుకు ఇంకొంచెం పెంచుకోండి.

నల్లరేగడి వద్దు. తడిస్తే బంకలా పట్టేసి, ఎండితే పగుళ్ళిచ్చి లేత వేళ్ళను తెంపుతుంది. సముద్రపు ఇసుక వద్దు, ఉప్పు. కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) ఒక్కదాంట్లోనే పెట్టడం కూడా నాకు ఇష్టం లేదు, తడి పట్టుకుంటే వదలదు, పూర్తిగా ఎండితే మళ్ళీ నీళ్ళు తాగదు. నర్సరీ వాళ్ళు దాంట్లోనే పెంచుతారు, నిజమే, వాళ్ళకి రవాణాలో బరువు తగ్గాలి. మన ఇంట్లో ఆ అవసరం లేదు.

కలిపాక ఒకసారి పరీక్షించండి. కుండీలో నింపి గ్లాసెడు నీళ్ళు పోస్తే పైన నిలవకుండా సెకన్లలో కింది చిల్లులోంచి బయటికి రావాలి. కుండీ మట్టిదైతే మంచిది, పెరుగు కప్పయినా ఫర్వాలేదు, అడుగున చిల్లు మాత్రం ఉండాల్సిందే. చిల్లు లేని గాజు గిన్నెలో అడుగున గులకరాళ్ళు పోసి సరిపెట్టొద్దు. ఆ నీళ్ళు ఎక్కడికీ పోవు.

నాటాక నీళ్ళు ఎప్పుడు పోయాలి?

కొమ్మను పొడి మట్టిలో నాటి, వారం దాకా నీళ్ళు పోయకండి. ఆ తర్వాత కుండీ అంచు వెంబడి కొద్దిగా తడిపి, మళ్ళీ పూర్తిగా పొడారాక తడపండి. మూడు నాలుగు వారాలకి కొమ్మను అతి మెల్లగా పైకి లాగి చూస్తే పట్టు తెలుస్తుంది. పట్టు దొరికిందంటే వేళ్ళు దిగినట్టే, అప్పటినుంచి మామూలు మొక్కలాగే కుండీ నిండా పోసి, పొడారేదాకా ఆగడం. రోజూ పీకి చూడకండి, వెంట్రుకల్లాంటి కొత్త వేళ్ళు ఆ లాగుడుకే తెగిపోతాయి.

ఆకులను మట్టిలో గుచ్చక్కర్లేదు, పైన పడుకోబెట్టండి. ఆకు మొదలు దగ్గర గులాబీ రంగులోనో తెల్లగానో దారప్పోగుల్లాంటి వేళ్ళు కనిపించేదాకా ఒక్క చుక్క కూడా వద్దు. కనిపించాక ఆ వేళ్ళ మీద చిటికెడు మట్టి చల్లి, రెండు మూడు రోజులకోసారి ఆ చుట్టుపక్కల మాత్రం స్ప్రే చేయండి.

నీళ్ళ గ్లాసులో పెడితే వేళ్ళు రావా?

వస్తాయి. కోసిన చోటు ఆరాక, కొమ్మ చివర నీటికి కాస్త పైన ఉండేలా పెడితే తొందరగానే వస్తాయి, చూడ్డానికి పిల్లలకి కూడా సరదాగా ఉంటుంది. కానీ నీళ్ళలో పుట్టిన వేళ్ళు మట్టికి అలవాటుపడటానికి టైమ్ పడుతుంది, కొన్ని ఎండిపోయి మొక్క మళ్ళీ కొత్తవి వేసుకుంటుంది. ఎలాగూ మట్టిలోనే పెంచాలి కాబట్టి మొదటినుంచీ మట్టే నా సలహా.

ఏ నెలలో మొదలుపెట్టాలి? మాది విజయవాడ, ఏం పెట్టినా మే నెలలో పోతోంది.

విజయవాడలో మే నెల ఏ ఎచెవేరియాకీ మంచి కాలం కాదు. ఎచెవేరియాలు మెక్సికో, మధ్య అమెరికా కొండ ప్రాంతాలవి, పగలు ఎండ కాసినా రాత్రి చల్లబడే చోటు వాటిది. పైన చెప్పినట్టు అవి రాత్రిపూట ఊపిరి తీసుకుంటాయి. రాత్రి 30 డిగ్రీల ఉక్కలో ఆ పని సరిగ్గా సాగదు, పైగా ఆ వేడిలో తడి మట్టి వేళ్ళను ఉడికిస్తుంది. విజయవాడ, రాజమహేంద్రవరం, విశాఖ లాంటి చోట్ల ఎచెవేరియా ఆకులు నవంబర్ నుంచి జనవరి లోపు పెట్టండి, వేసవి వచ్చేలోగా పిల్లలు కాస్త నిలదొక్కుకుంటాయి. హైదరాబాద్ దక్కన్ పీఠభూమి మీద ఎత్తులో ఉంది కాబట్టి అక్టోబర్ నుంచి ఫిబ్రవరి దాకా హాయిగా పెట్టుకోవచ్చు. అరకు, మదనపల్లె వైపు వాళ్ళు అదృష్టవంతులు.

కాక్టస్, యుఫోర్బియా, అడీనియం, పోర్చులకారియా వేడి కోరేవి. వాటికి ఫిబ్రవరి, మార్చి భేషైన కాలం, గాలి పొడిగా ఉంటుంది, పెరుగుదల అప్పుడే మొదలవుతుంది. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా ఏది పెట్టినా వాన పడని చోట, చూరు కిందో కిటికీ దగ్గరో పెట్టండి.

ఇంకొకటి. ఆన్‌లైన్‌లో కొనే రోజెట్ సక్యులెంట్లు, అంటే ఆకులు పూవులా గుండ్రంగా పేర్చినట్టుండేవి, చాలా కాలింపాంగ్ లాంటి చల్లటి కొండ ప్రాంతాల నర్సరీల్లో పెరిగినవి. పార్సిల్ విప్పిన రోజే ఆకులు పీకడం మొదలుపెట్టకండి. నెల రోజులు మీ ఊరి గాలికి అలవాటు పడనివ్వండి. కడియం నర్సరీల్లో కొన్నా అంతే, అది కోస్తా వాతావరణంలో ఎన్నాళ్ళుగా ఉందో అడిగి కొనుక్కోండి.

వెలుతురు ఎంత కావాలి?

వేళ్ళు వచ్చేదాకా ఎండ తగలని మంచి వెలుతురు. తర్వాత తూర్పు వైపు పొద్దుటి ఎండ రెండు మూడు గంటలు, మెల్లగా పెంచుకుంటూ పోవాలి. జేడ్‌ని వాస్తు ప్రకారం ఎటు పెట్టాలని చాలామంది అడుగుతారు. ఏ దిక్కున పెట్టుకున్నా సరే, పగలు లైట్ వేయకుండా అక్కడ కూర్చుని పేపర్ చదవగలగాలి. అంత వెలుతురు లేకపోతే మొక్క సాగిపోతుంది.

ఆకుకి వేళ్ళు వచ్చాయి, పిల్ల రాలేదు. ఇంకోదానికి పిల్ల వచ్చింది, వేళ్ళు లేవు. ఏం చేయాలి?

మొదటిదానికి ఆగడమే. ఎచెవేరియా ఆకుకి వేళ్ళు 2 నుంచి 4 వారాల్లో వస్తాయి, పిల్ల ఒకటి రెండు నెలలకి. ఒక్కోటి ఇంకా ఆలస్యం చేస్తుంది. ఆకు వడలిపోయేదాకా పిల్ల రాలేదంటే మొగ్గ భాగం తెగిపోయినట్టు, దాన్ని వదిలేయండి. రెండోదానికి, పిల్ల మొదలు తేమ మట్టికి తగిలేలా ఆనించి ఉంచండి, వేళ్ళు తర్వాత వస్తాయి. పది ఆకులు పెడితే పదీ రావు, అందుకే ఎప్పుడూ కావాల్సిన దానికంటే ఎక్కువే పెట్టండి.

తల్లి ఆకును తొందరపడి తీసేయొద్దు. పిల్లకి అది తల్లిపాల లాంటిది, తనలోని నీళ్ళూ పోషకాలూ ఇచ్చి తనే ముడుచుకుపోయి ఎండి ఊడిపోతుంది. చిన్న కుండీకి తగ్గ మొక్క కావాలంటే ఆరు నెలల నుంచి ఏడాది.

స్నేక్ ప్లాంట్ ఆకు పెడితే మొక్క వచ్చింది గానీ పసుపు అంచు పోయింది!

అది అంతే. ఆ పసుపు అంచులో, మధ్య పచ్చదనంలో ఉన్న కణజాలాలు రెండు రకాలు, ఒకే ఆకులో పక్కపక్కన బతుకుతున్నాయి. కొత్త మొగ్గ లోపలి పచ్చ భాగం నుంచి పుడుతుంది కాబట్టి పిల్ల పూర్తి పచ్చగా వస్తుంది. అంచు కావాలంటే దుంపతో సహా పిలకను విడదీయాలి. ఆకు ముక్కలు పెట్టేవాళ్ళు మూడు నాలుగు అంగుళాల ముక్కలు కోసి, ఏది కింది వైపో మార్కర్‌తో గీత పెట్టుకోండి, తలకిందులైతే వేళ్ళు రావు.

కలబంద ఆకు నాటితే వస్తుందా?

రాదు. వీడియోల్లో అరటిపండులో గుచ్చి చూపిస్తుంటారు, టైమ్ దండగ. గుజ్జు నిండా నీళ్ళే, మొగ్గ లేదు, కుళ్ళుతుంది. పక్కన వచ్చే పిలకలు అరచేయంత పెరిగాక వేళ్ళతో సహా విడదీసి, రెండు రోజులు ఆరబెట్టి నాటండి.

పైన ఎర్ర బంతిలా, కింద పచ్చటి కాడతో ఉండే కాక్టస్‌కి పిల్లలు వచ్చాయి. తీసి నాటొచ్చా?

నాటితే బతకవు. దాన్ని మూన్ కాక్టస్ అంటారు, జిమ్నోకాలిసియం జాతిది. ఎర్ర భాగంలో పత్రహరితం లేదు, తన తిండి తను వండుకోలేదు, కింద అంటుకట్టిన డ్రాగన్ ఫ్రూట్ జాతి కాడ దాన్ని పోషిస్తోంది. ఆ పిల్లను ఇంకో డ్రాగన్ ఫ్రూట్ కాడ మీద అంటుకట్టొచ్చు: రెండిటినీ శుభ్రమైన బ్లేడుతో సమంగా కోసి, మధ్యలో కనిపించే రింగులు ఒకదానిమీద ఒకటి ఆనేలా పెట్టి, రబ్బరు బ్యాండు వేసి రెండు వారాలు నీడలో ఉంచాలి. అంటు కట్టడం నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి మొక్క లేదు.

కోస్తే పాలు కారుతున్నాయి. ప్రమాదమా?

యుఫోర్బియాలన్నిటికీ పాలు కారతాయి, జెముడు జాతుల్లో పాలుండేవి చాలావరకు అవే. చర్మం మండుతుంది, కంట్లో పడితే చాలా ప్రమాదం. గ్లవ్స్ వేసుకోండి, కోసిన చివర నీళ్ళలో ముంచి పాలు ఆగాక ఆరబెట్టండి, ఆ చేతులతో కళ్ళు తుడుచుకోవద్దు. కంట్లో పడితే ధారగా నీళ్ళు పోస్తూ కడిగి వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.

అడీనియం రసం కూడా విషమే. దాని కొమ్మలు నాటుకుంటాయి, పూలూ తొందరగా పూస్తాయి, కానీ విత్తనం మొక్కకి వచ్చినంత అందంగా అడుగున దుంప ఊరదు. దుంప కోసమైతే విత్తనాలు వేయండి.

ఎచెవేరియా పొడుగ్గా సాగిపోయి వికారంగా ఉంది. బాగుచేయొచ్చా?

సాగింది మళ్ళీ కుదురుకోదు, కోయడమే. పైన రోజెట్‌కి ఒకటి రెండు అంగుళాల కాండం ఉంచి కోసేయండి, ఆరబెట్టి నాటండి, నెలలో కొత్త మొక్క. కింది మోడును పారేయకండి, రెండు మూడు ఆకులతో అలాగే ఉంచితే పక్కల నుంచి పిల్లలు తీస్తుంది. ఒక్క మొక్క నుంచి ఎక్కువ మొక్కలు చేసుకునే పద్ధతుల్లో నాకు బాగా నచ్చింది ఇదే. ఈసారి వెలుతురున్న చోట పెట్టండి, లేకపోతే మళ్ళీ ఇదే కథ.

కొమ్మ అడుగు నల్లబడి మెత్తగా అయింది. పోయినట్టేనా?

పై భాగం గట్టిగా ఉంటే పోలేదు. వెంటనే పీకి, కోసిన చోట గోధుమ చుక్క కూడా లేకుండా శుభ్రంగా కనిపించేదాకా పైకి పైకి కోసుకుంటూ రండి, ప్రతిసారీ బ్లేడు స్పిరిట్‌తో తుడవండి. మళ్ళీ ఆరబెట్టి, కొత్త మట్టిలో పెట్టండి. పాత మట్టి వాడొద్దు.

ఆకుల మధ్య తెల్లటి దూదిలా ఏదో ఉంది.

పిండినల్లి. సర్జికల్ స్పిరిట్‌లో ఇయర్ బడ్ ముంచి ఒక్కొక్కటీ తుడిచేయండి, ఆ మొక్కను మిగతావాటికి దూరంగా పెట్టండి. వారానికోసారి వేపనూనె, లీటరు నీళ్ళకి 5 మిల్లీలీటర్లు, నాలుగు చుక్కల సబ్బు నీళ్ళతో బాగా కలిపి సాయంత్రం కొట్టండి. నూనె కొట్టిన మొక్కను మర్నాడు ఎండలో పెడితే ఆకులు మాడతాయి. ఎచెవేరియాల మీద ఉండే బూడిద పొడి తెగులు కాదు, అది మొక్క తనకి తాను పూసుకున్న మైనం, తుడవకండి.

ఎరువు?

వేళ్ళు రాకముందు ఏదీ వద్దు. మొక్క నిలదొక్కుకుని కొత్త ఆకులు తీశాక, పెరిగే కాలంలో నెలకోసారి ద్రవ ఎరువు ప్యాకెట్ మీద చెప్పినదాంట్లో సగం మోతాదులో చాలు.

ఇంట్లో పిల్లి ఉంది. ఏవి పెట్టుకోవచ్చు?

ఎచెవేరియా, హావర్తియా, పోర్చులకారియా ఫర్వాలేదు. అసలు జేడ్, కలాంచో, కలబంద, యుఫోర్బియా, అడీనియం, స్నేక్ ప్లాంట్ కుక్కలకీ పిల్లులకీ హాని చేస్తాయి. పాకే పిల్లలున్న ఇంట్లో కూడా ఇవి అందని ఎత్తులో ఉండాలి.

అమెరికాలో ఉన్న మా అమ్మాయికి రెండు కొమ్మలు సూట్‌కేసులో పెట్టి తీసుకెళ్ళొచ్చా?

కాగితాలు లేకుండా వద్దు. అక్కడికి మొక్కలు తీసుకెళ్ళాలంటే ఫైటోశానిటరీ సర్టిఫికెట్ (మొక్కకి తెగుళ్ళు లేవని ప్రభుత్వం ఇచ్చే కాగితం) కావాలి, మట్టి అసలు ఒప్పుకోరు. అటునుంచి మన దేశానికి తేవాలన్నా 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఆర్డర్ ప్రకారం పర్మిట్, సర్టిఫికెట్ ఉండాలి. పైగా దాదాపు కాక్టస్‌లన్నీ, యుఫోర్బియా సక్యులెంట్లు చాలావరకు సైటీస్, అంటే అరుదైన మొక్కలు, జంతువుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే ఒప్పందం, కిందికి వస్తాయి. ఆ ఊళ్ళో నర్సరీలో ఒక చిన్న మొక్క కొనిపించి, ఎలా కోయాలో వీడియో కాల్‌లో చూపించండి. అక్కడ చలికాలం పగలు చిన్నది కాబట్టి ఏప్రిల్ తర్వాత మొదలుపెట్టమనండి, లేదా గ్రో లైట్ కింద పెట్టుకోమనండి.